బొట్టు పెట్టిన వైపు

నేను ఒక మైకుని. మైకు అనగానే మీకు ఎన్నికల ఆటో గుర్తొస్తుంది, పెళ్ళి పందిరి గుర్తొస్తుంది, స్టేజీ ఎక్కిన పెద్దమనిషి నెత్తి మీద టకటకా కొట్టి 'హలో, హలో' అనడం గుర్తొస్తుంది. నేను ఆ జాతి మైకుని కాను. నన్ను చేత్తో పట్టుకుని ఊరేగరు. బల్ల మీద చిన్న స్టాండు మీద కూర్చుంటాను. నా వైరు కంప్యూటర్‌కి తగిలించి ఎదురుగా కూర్చుంటే, మెల్లగా అన్న మాట కూడా పొల్లుపోకుండా అందులోకి చేరవేస్తాను. నాకు నోరు లేదు, ఉన్నదల్లా చెవి. మరి ఇప్పుడెలా మాట్లాడుతున్నావని అడక్కండి. ఒళ్ళు మండితే ఎవరికైనా నోరొస్తుంది.

నేను పుట్టింది చైనాలో, పగలో రాత్రో తెలియని ఒక పెద్ద షెడ్డులో. అక్కడ వరసగా కూర్చున్న ఆడపిల్లలు నాకు చర్మం తొడిగారు, జాలీ బిగించారు, చివర్న ఒకమ్మాయి నా ముందు ఏదో ఒక్క మాట పలికి, తెరమీద గీత లేచిందో లేదో చూసి, నన్ను పెట్టెలో పడేసింది. ఆ మాట ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పుట్టగానే విన్న మాట కాబట్టి ఆశీర్వాదమే అనుకుంటూ వచ్చాను. ఆ తర్వాత నా బతుకు చూశాక అది తిట్టేమో అనిపిస్తోంది.

నా గురించి ఒక్క సంగతి మీరు తెలుసుకోవాలి. ఇది తెలిస్తే మిగతా కథంతా తెలిసినట్టే. నాకు నాలుగు వైపులా చెవులు లేవు, ఒక్కవైపే ఉంది. ముందు నుంచి వచ్చిన మాటను కళ్ళకద్దుకుని తీసుకుంటాను, వెనక నుంచి వచ్చిన దాన్ని వీలైనంత తోసేస్తాను. ఇది లోపం కాదు. చదివే మనిషి ముందుంటారు, ఊరి రొద వెనకుంటుంది అన్న లెక్కతో నన్ను కావాలనే అలా తయారుచేశారు. ఏది ముందో తెలియడానికి నా పొట్టమీద, తిప్పే మీట కింద, ఒక బొమ్మ కూడా వేశారు. నేను ఎంతమేర వింటానో ఆ ఆకారాన్నే గీశారు. చూడ్డానికి అచ్చం తమలపాకులా ఉంటుంది. ఆ తమలపాకు మీకు ఎదురుగా ఉంటే చాలు, నాతో ఇంకే పేచీ లేదు.

నా మొదటి యజమాని హైదరాబాదు కుర్రాడు, పేరు ప్రణీత్. తెల్లవారుజామునే లేచి జీవితంలో గెలవడం ఎలాగో చెప్పే వీడియోలు చేసేవాడు. వాటిని రికార్డు చేసేది మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆవలింతల మధ్య. అయినా అతన్ని నేను తప్పుపట్టను. నన్ను సరైన వైపు తిప్పి కూర్చోబెట్టిన మనిషి నా జీవితంలో అతనొక్కడే. గెలవడం ఎలాగో వినేవాళ్ళు లేక కొన్నాళ్ళకు విసుగుపుట్టి, కాకినాడలో ఉన్న వాళ్ళ పిన్ని ద్వారా నన్ను ఒక మంచిపనికి దానమిచ్చేశాడు. దానమిచ్చే ముందు నాతో ఫోటో దిగాడు. ఆ ఫోటోకి వచ్చిన మెచ్చుకోళ్ళు అతని వీడియోలు అన్నిటికీ కలిపినా రాలేదు.

ఆ మంచిపని పేరు 'పలుకుతోడు'. కాకినాడ జగన్నాథపురంలో ఒక పాత ఇంటి మేడమీద గది. కళ్ళు కనబడని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు పైకి చదివి రికార్డు చేసి పంపుతారు. చదివేవాళ్ళకు జీతం లేదు, నేర్పేవాళ్ళు అంతకన్నా లేరు. అందరూ ఊళ్ళో తీరిక ఉన్న మంచివాళ్ళు. వీళ్ళకి అధ్యక్షుడు పద్మనాభరావుగారు. బీమా కంపెనీలో పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగుల సంఘంలో ఉపన్యాసాలిచ్చి పండిన గొంతు. ఆయన చెడ్డవారు కారు, అదే నా బాధ. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

వసంత పంచమినాడు నాకు పూజ చేశారు. సరస్వతి పటం ముందు పళ్ళెంలో నన్ను నిలబెట్టి, గంధం గిన్నె చేత్తో పట్టుకుని పద్మనాభరావుగారు నా మీదికి వంగారు. అంతలో ఆయన మొహం చిట్లింది.

"ఇదేవిటండోయ్, దీనిమీద లవ్ గుర్తు వేశాడు! అమ్మవారి ముందు ఇదేం బావుంటుంది?" అన్నారు.

అందరూ ముందుకు వంగి చూశారు. నిజమే, లవ్ గుర్తే అన్నారు. తమలపాకన్న మనిషి ఒక్కరు లేరు. ఆయన నన్ను అటు తిప్పేశారు. వెనకవైపు నున్నగా, ఏ రాతా లేకుండా ఉంటుంది కాబట్టి ఆయనకు తృప్తిగా తోచింది. నా వీపు మీద జాలీ నిండా గంధం పూసి, నడిమధ్యన రూపాయంత కుంకుమ బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు, హారతిచ్చారు. నన్ను అలాగే తీసుకెళ్ళి బల్లమీద పెట్టారు. బొట్టు కుర్చీ వైపు, చెవి కిటికీ వైపు. పూజ చేసిన బొట్టు కదా, తుడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ రోజు నుంచి నా వీపే నా ముఖమైంది. కొత్తగా చదవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ పద్మనాభరావుగారు మొదట నేర్పే పాఠం అదే. "బొట్టు మీకు ఎదురుగా ఉండాలి. అంతే, ఇంకేం లేదు" అనేవారు.

కిటికీ కింద రోడ్డు. రోడ్డు మీద పెసరట్ల బండి. ఆ బండి ఆయన పెనం మీద గరిటెతో గీకే చప్పుడు, ఆటోల హారన్లు, చేపలమ్మే మనిషి కేక, అన్నీ నా చెవిలో ఇల్లు కట్టుకున్నాయి. వాటి వెనక ఎక్కడో దూరంగా, ఎండిపోయిన గంధం అవతల, ఒక మనిషి పాఠం చదువుతున్నట్టు లీలగా తెలిసేది.

ఆ మనిషి హైమావతిగారు. యాభై దాటిన ఇల్లాలు. భర్త పోర్టు ఆఫీసులో గుమస్తా. ఇంట్లో పొద్దుటినుంచి టీవీ మోగుతుంది, దాని మీద భర్త గొంతు మోగుతుంది. ఆవిడ ఏదైనా చెప్పబోతే వాక్యం మధ్యలోనే ఎవరో ఒకరు లేచి వెళ్ళిపోతారు. ఈ సంగతి ఆవిడే ఒకరోజు నవ్వుతూ చెప్పింది. "నేను మొదలుపెట్టిన మాట చివరిదాకా విన్నవాళ్ళు లేరండీ మా ఇంట్లో. ఇక్కడైతే ఆ పిల్లలు వింటారు కదా, ఆఖరి అక్షరం దాకా" అంది. అలా అన్నప్పుడు ఆవిడ కిటికీ రెక్క వేయడానికి నా ముందువైపుకి వచ్చింది. అందుకే నాకు స్పష్టంగా వినిపించింది. ఏం గొంతండీ అది! మాట చివర్లు మింగదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, ఊపిరి తీసుకున్నట్టు తెలియకుండా తీసుకుంటుంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని చెప్పినట్టుంటుంది. అలాంటి గొంతు కోసమే నన్ను చేశారు. కిటికీ వేసి, ఆవిడ తిరిగి నా వీపు వెనక్కి వెళ్ళి కూర్చుంది.

ఆవిడకిచ్చిన పుస్తకం శిశు మనోవిజ్ఞానం. అడిగిన పిల్ల పేరు నూకరత్నం. గొల్లప్రోలు దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడే చూపు పోయింది. పట్టుదలగా డిగ్రీ చేసింది, బీఎడ్ చేసింది, ఇప్పుడు టీచరు ఉద్యోగాల పరీక్షకు కూర్చుంటోంది. సిలబస్ మారి కొత్త పుస్తకం వచ్చింది. కళ్ళున్నవాళ్ళు కొట్లో కొనుక్కుని చదువుకుంటున్నారు. నూకరత్నానికి అది చెవి దారిన రావలసిందే. ఫోనులోని యాప్ చదివితే తెలుగు వత్తులన్నీ ఊడిపోయి గులకరాళ్ళు నమిలినట్టుందట. నోటిఫికేషన్ మళ్ళీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. ఇంట్లోవాళ్ళు, ఈసారి రాకపోతే చదువు మాట ఎత్తకుండా దర్జీ కొట్లో గుండీలు కుట్టుకోమన్నారట. హైమావతిగారికి ఇవన్నీ పద్మనాభరావుగారు చెప్పారు. ఆవిడ పుస్తకానికి అట్టవేసుకుని, ముందురోజే ఇంట్లో ఒకసారి చదువుకుని మరీ వచ్చేది.

మొదటి అధ్యాయాలు పంపిన తర్వాత నూకరత్నం ఫోను చేసింది. పద్మనాభరావుగారు స్పీకరు పెట్టారు. హైమావతిగారు అక్కడే ఉంది.

"సార్, నమస్కారవండి. పెసరట్ల బండి బాబాయిగారి గొంతు ఎంత బాగా వినపడతందో అండి. ఉల్లిపాయ ఎక్కువెయ్యమన్నాడెవరో అదీ తెలిసిపోతందండి. పాఠం చదివే మేడంగారు మాత్రం పక్కింట్లో ఉన్నట్టున్నారండి" అంది ఆ పిల్ల. వెటకారం గొంతులోనే ఉంది గానీ దాని అడుగున భయం కూడా ఉంది.

"అలాగా. చెబుతానమ్మా, గట్టిగా చదవమని చెబుతాను" అన్నారు ఈయన.

"మేడంగారిని ఏవనకండి సార్. పాపం ఊరికే చదివిపెడతన్నారు కదా. మైకు సరిగ్గా ఉందో లేదో ఓసారి చూడండి. పరీక్ష దగ్గరికొచ్చేస్తందండి."

"మైకుకేం తల్లీ, పూజచేసి పెట్టాం."

నేనే ఆ మేడాన్నని చెప్పడానికి హైమావతిగారికి సిగ్గేసింది. తల వంచుకుని పుస్తకం అట్ట సవరించుకుంటూ కూర్చుంది.

ఇక మొదలైంది నాకు వైద్యం. ఊళ్ళో జబ్బు మనిషికి చుట్టాలందరూ తలో మందు చెప్పినట్టు, నాకు చెప్పని మందు లేదు. మొదట హైమావతిగారిని నాకు దగ్గరగా జరగమన్నారు. ఆవిడ జరిగి జరిగి పెదవులు నాకు తగిలేదాకా వచ్చింది. ఇంటికెళ్ళేటప్పుడు ముక్కుకి కుంకుమ అంటుకుని ఉండేది. తర్వాత నా మీట చివరికంటా తిప్పేశారు. అప్పుడు ఆవిడ గొంతు ఇసుమంత పెరిగింది, బండి ఆయన గరిటె మాత్రం గదిలోకే వచ్చేసింది. ఫ్యాను ఆపారు. కిటికీలు బిగించారు. చెమటతో ఆవిడ చీర తడిసిపోయేది, అక్షరాల మీద చెమట బొట్లు పడేవి. ఎవరో కంప్యూటర్లో రొద తీసేసే ఉపాయం ఉందన్నారు. అది నొక్కితే కంప్యూటరు ఏది పెద్దగా ఉందో అదే అసలు మాటనుకుని, చిన్నగా ఉన్న హైమావతిగారినే రొద కింద జమకట్టి తుడిచేసింది. ఒక అధ్యాయం మొత్తం అలా పోయింది. మళ్ళీ చదివింది ఆవిడ.

గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే చప్పుడు పీల్చుకుంటుందని ఇంకెవరో చెప్పారు. "సరస్వతి పటం ఉన్న గదిలో గుడ్ల అట్టలా!" అని పద్మనాభరావుగారు చెవులు మూసుకున్నారు. కోనసీమ నుంచి కొబ్బరిపీచు చాపలు తెప్పించి కట్టిద్దాం అన్నారు. ఈలోగా, మైకు సంగతి మైకులవాడికే తెలుస్తుందని, పెళ్ళిళ్ళకి సౌండు సెట్లు అద్దెకిచ్చే గంగరాజుని పిలిపించారు.

గంగరాజు వచ్చి నా నెత్తిమీద టకటకా కొట్టాడు. 'ఫూ, ఫూ' అని ఊదాడు. అతనికి తెలిసిన మైకులన్నీ నెత్తిమీద మాట్లాడేవే. నాకు ముందు వెనకా ఉంటాయన్న ఆలోచన అతనికెందుకొస్తుంది?

"ఇది చైనా సరుకండి బాబూ. మన సెట్టయితే వంతెన అవతలికి వినపడిపోద్ది. కొంచెం ఎకో తగిలిద్దామండి, గుళ్ళో చదివినట్టుంటాది" అన్నాడు.

తగిలించాడు. 'శిశువు తల్లి స్పర్శ ద్వారా భద్రతను పొందుతాడు' అని హైమావతిగారు చదివితే 'పొందుతాడు, తాడు, తాడు' అని గది నలుమూలలా మోగింది. అందరూ బాగుందన్నారు. హైమావతిగారే కాస్త ధైర్యం చేసి, చదువుకునే పిల్లకి ఇది కష్టమేమోనండీ అంది. ఎకో తీసేశారు గానీ, ఉపకారం చేస్తే వద్దన్నట్టు పద్మనాభరావుగారి మొహం మాడిపోయింది.

చాపలు వచ్చాయి. గోడలకి మేకులు కొట్టి కట్టారు. ఆ పనిలో నన్ను బల్లమీంచి తీసి నేలమీద పెట్టి, అయ్యాక మళ్ళీ బల్లెక్కించారు. అప్పుడు, ఎవరూ అనుకోకుండానే, నన్ను తిరగేసి పెట్టారు. కుర్చీ వైపు నా చెవి వచ్చింది.

హైమావతిగారు వచ్చి కూర్చుంది. పుస్తకం తెరిచింది. పద్మనాభరావుగారు ఎదురుగా హెడ్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని, కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపారు. ఇన్నాళ్ళకి ఆ మనిషి ముఖం నాకెదురుగా ఉంది. ఆవిడ మొదటి మాట అంది. మీట చివరికంటా తిప్పి ఉందని చెప్పాను కదా. వెనకనుంచి వచ్చే గొంతు అందుకోవడానికి పెంచిన మీట అది. ముందునుంచి నిండు గొంతు వచ్చేసరికి నేను తట్టుకోలేకపోయాను. బాంబు పేలినట్టయింది.

"అమ్మో!" అని పద్మనాభరావుగారు హెడ్‌ఫోన్లు పీకి బల్లమీద పడేశారు. చెవి రుద్దుకుంటూ లేచి నా చుట్టూ తిరిగి చూశారు. "అదిగో, చూశారా? తిరగేసి పెట్టేశారు. బొట్టు అటుంది!"

నన్ను పట్టుకుని తిప్పబోతుంటే హైమావతిగారు చెయ్యి అడ్డం పెట్టింది. ఆవిడ అంతకుముందెప్పుడూ అలా చెయ్యలేదు.

"ఒక్క మాటండీ. ఇటువైపు ఉంటే గట్టిగా పలికింది కదా. ఇలాగే ఉంచి, ఆ మీట కాస్త తగ్గించి చూస్తే?"

నాకు గుండె అనేది ఉంటే ఆ క్షణాన ఆగిపోయి ఉండేది. అంతే తల్లీ, అంతే. ఇంకేమీ అక్కర్లేదు, మీట తగ్గించు. నేను అరవగలిగితే ఊరంతా వినబడేలా అరిచి ఉండేదాన్ని.

"అమ్మా, వెనకవైపు మాట్లాడితే అలాగే పగుల్తుంది" అన్నారు ఆయన, చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా. "మనిషికి ముఖం ఉన్నట్టే మైకుకీ ఉంటుంది. గంగరాజు ఎన్నేళ్ళుగా ఇదే పని చేస్తున్నాడు, అతనికి తెలియదా? నా చెవిలో ఇంకా గుయ్‌మంటోంది."

ఆవిడ మరోసారి నోరు తెరిచింది. వాక్యం మొదలుపెట్టింది కూడా. పద్మనాభరావుగారు అప్పటికే కిటికీ దగ్గరికెళ్ళి, కిందికి వంగి, కాఫీ తెమ్మని ఎవరినో కేకేస్తున్నారు. ఇంట్లో ఇది అలవాటైన మనిషి ఆవిడ. చెయ్యి తీసేసింది. నన్ను తిప్పేశారు.

కాఫీ తాగాక ఆయన ఇంకో పరీక్ష చేశారు. తానే కుర్చీలో కూర్చుని పుస్తకంలో ఒక పేజీ చదివారు. సంఘం సభల్లో మైకు లేకుండా ఉపన్యాసాలిచ్చిన గొంతది. వీపుమీంచి కాదు, గోడ అవతలనుంచి చదివినా వినబడుతుంది. రికార్డు వేసి చూసుకున్నారు. ఫరవాలేదు, మాట తెలుస్తోంది.

"అదన్నమాట సంగతి. మైకు బాగానే ఉంది" అన్నారు. తర్వాత నిజంగానే నొచ్చుకుంటూ, "ఏమీ అనుకోకండి హైమావతిగారూ, మీ గొంతు మైకుకి నప్పడం లేదు. అందరివీ నప్పవు, అది దేవుడిచ్చేది. మన సంస్థలో పనులకేం తక్కువ, మీరు ఇంకేదైనా చూసుకుందురు గాని" అన్నారు.

నేనున్నాను కదా అక్కడ. ఆ గొంతు ఏమిటో భూమ్మీద నాకంటే బాగా తెలిసిన వస్తువు లేదు. నా పేరు చెప్పి, నన్ను సాక్ష్యం పెట్టి ఆ మాటన్నారాయన.

హైమావతిగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ కింద పడనివ్వలేదు. "పుస్తకం మధ్యలో ఉందండీ. ఆ పిల్ల ఎదురుచూస్తూ ఉంటుంది. ఇది పూర్తిచేసి మానేస్తాను. గట్టిగా చదువుతాను" అంది.

చదివింది. అరిచింది అనాలి. బుగ్గన లవంగం పెట్టుకుని, గొంతు చీరుకుపోయేలా, ఒక్కో వాక్యం రేవులో కేకేసినట్టు అరిచింది. ఎక్కడ ఆగాలో ఆగడం పోయింది, మాటకి మెత్తదనం పోయింది. ఊపిరి అందక వాక్యాలు ముక్కలయ్యాయి. 'పిల్లలతో ఎప్పుడూ పెద్దగా అరచి మాట్లాడరాదు, దానివల్ల వారిలో భయం ఏర్పడుతుంది' అన్న పాఠాన్ని కూడా ఆవిడ అరుస్తూనే చదివింది. చదివి, ఏం చదివిందో అప్పుడు తెలిసి, ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ అరవడం మొదలుపెట్టింది. ఇంట్లో భర్త, ఏమిటా బొంగురు గొంతు, కాస్త కషాయం తాగి తగలడు అన్నాడట. అదీ ఆవిడే చెప్పింది, ఈసారి నవ్వలేదు.

పుస్తకం పూర్తయినరోజు అందరూ కలిసి ఫోటో దిగారు. నన్ను మధ్యలో పెట్టారు, బొట్టు బాగా పడేలా. పద్మనాభరావుగారు హైమావతిగారికి శాలువా కప్పారు. ఆవిడ చదివినందుకు కప్పారో, ఇక చదవనన్నందుకు కప్పారో నాకు తెలియలేదు.

తర్వాత కొన్నాళ్ళకి ఒక దాత కొత్త మైకు కొనిచ్చాడు. చొక్కాకి తగిలించుకునే గింజంత మైకు. దానికి ముందు వెనకా పట్టింపు లేదు, ఎటునుంచి మాట్లాడినా తీసుకుంటుంది. పద్మనాభరావుగారు అది తగిలించుకుని చదివి, రికార్డు విని, "చూశారా, పాతదానిలోనే ఉంది లోపమంతా" అన్నారు. అంతకుముందు మైకు బాగానే ఉందన్న నోటితోనే అన్నారు. ఆ లెక్కన హైమావతిగారి గొంతులో లోపం లేదని కూడా ఎవరికైనా తట్టాలి కదా. తట్టలేదు. ఆవిడని మళ్ళీ పిలిచి ఒకసారి చదవండమ్మా అన్నవాళ్ళు లేరు. నా వైరు పీకి వేరేదానికి వాడుకున్నారు. నన్ను తలుపు పక్కన గూట్లో పడేశారు. మాడిపోయిన ట్యూబులైట్లు, చిరిగిన దండలు, విరిగిన స్టాండు నా పక్కవాళ్ళు. పాత సామాన్లవాడు ఎప్పుడొస్తే అప్పుడు మా అందరికీ కలిపి ఒకటే తూకం. పడేసినవాళ్ళు ఎటు పడేస్తున్నామో చూసుకోలేదు. చెవి గుమ్మం వైపుకి వచ్చేలా పడ్డాను.

ఒక మధ్యాహ్నం గదిలో హైమావతిగారు ఒక్కతే ఉంది. గది తాళంచెవి ఆవిడ దగ్గర ఒకటి ఉండేది, అది తిరిగిచ్చేసి వెళ్దామని వచ్చి పద్మనాభరావుగారి కోసం కూర్చుంది. మెట్లమీద కర్ర చప్పుడైంది. సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక అమ్మాయి, నల్లకళ్ళద్దాలు, భుజాన సంచి, కర్రతో గోడని తడుముకుంటూ పైకొచ్చింది.

"ఆగమ్మా, అక్కడ గుమ్మం కొంచెం ఎత్తుగా ఉంటుంది. కాలు పైకెత్తి వేసుకో. ఆఁ, అంతే. కుడిచేతి వైపు కుర్చీ ఉంది, కూర్చో" అంది హైమావతిగారు.

అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పద్మనాభరావుగారున్నారాండీ? నా పేరు నూకరత్నవండి. పాఠాలున్న మెమరీ కార్డు, ఆ చెవుల్లో పెట్టుకునేవీ ఇచ్చేద్దావని వచ్చానండి. ఇంకెవరికైనా పనికొస్తాయి కదా."

హైమావతిగారు కుర్చీ పట్టుకుంది. "పరీక్ష..." అంది.

"ఫలితాలొచ్చేసినాయండి. రాలేదండి నాకు. మిగతావన్నీ బాగా రాశానండి. ఆ మనోవిజ్ఞానవే ముంచేసింది." కార్డు తీయడానికి సంచి తడుముకుంటూ, తేలిగ్గా చెప్పాలని చూస్తూ చెప్పింది. "ఎవరో మేడం చదివారండి. ముందు గొణిగారు, తర్వాత అరిచారు. పాపం ఏం ఇబ్బందో. వింటంటే నన్నే తిడతన్నట్టుండేదండి. కాసేపటికే తలనొప్పొచ్చేసి తీసి పక్కనెట్టేసేదాన్ని. అనకూడదు లెండి, ఊరికే చేసిపెట్టారు."

హైమావతిగారు ఆ పిల్లకి కుర్చీ దగ్గరగా జరిపింది.

"మీరెవరండీ?" అంది నూకరత్నం.

ఆవిడ గోడమీద సరస్వతి పటం వైపు చూసింది. తర్వాత చేతిలో తాళంచెవి వైపు చూసుకుంది.

"నేనా? ఇక్కడ తాళం తీసి వేసే మనిషినమ్మా" అంది.

"మీ గొంతెంత బాగుందండీ" అంది ఆ పిల్ల. పొగడ్త కాదది. దాహంతో ఉన్న మనిషి నీళ్ళు చూసి అన్నట్టుంది. "గుమ్మం ఎత్తుందన్న మాట వింటేనే ఎంత హాయిగా ఉందో. అలా చదివితే ఒక్కసారి వింటే చాలండి, అంతా గుర్తుండిపోద్ది. ఆ పుస్తకం మీరు చదవొచ్చు కదండీ? ఎవరూ అడగలేదా మిమ్మల్ని?"

గూట్లోంచి నేను ప్రతి అక్షరం విన్నాను. ఇద్దరి గొంతులూ నా ముందున్నాయి, రోడ్డు రొద నా వెనకుంది, నన్ను తయారుచేసినవాళ్ళు అనుకున్నది అచ్చంగా ఇదే. నా వైరు ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ చిల్లు ఉంది.

"నాకంత చదువు రాదమ్మా" అంది హైమావతిగారు.

నూకరత్నం కార్డు ఆవిడ చేతిలో పెట్టింది. గుండీలు కుట్టే పనికి కుదిరానని, నాలుగింటి బస్సుకి వెళ్ళిపోవాలని చెప్పింది. హైమావతిగారు లేచి ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపడానికి వెళ్ళింది. మెట్టు, ఇంకో మెట్టు, ఇక్కడ కొంచెం అరిగింది, నెమ్మదిగా పెట్టు, ఇప్పుడు ఎడమకి తిరుగుతాం, గోడమీద చెయ్యి వేసుకో అని, తొందరపడకుండా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ, ఆ గొంతుతోనే చెప్పుకుంటూ దిగింది. ఆ పిల్ల మధ్యలో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వింది. ఇదే ఆఖరి మెట్టమ్మా, ఇక రోడ్డు అన్న మాట అంత కిందనుంచీ నాకు స్పష్టంగా వినిపించింది.